ఓడిపోయిన అంకె మళ్ళీ వచ్చింది: డికీ నుంచి ఇన్‌ఫ్లేషన్ దాకా

ఈసారి ఎపిసోడ్ ఎప్పుడూ కూర్చునే గదిలో కాదు, పిట్టలవానిపాలెంలో మా ఇంటి మేడ మీద రికార్డ్ చేస్తున్నాను. వెనకాల ట్రాక్టర్ చప్పుడో, కాకుల గోలో వినిపిస్తే కాస్త సర్దుకోండి. సంక్రాంతికి ఊరొచ్చాను. మామూలుగా అయితే పండక్కి సెలవు తీసుకునేవాణ్ణి. కానీ ఒక ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు.

మా అన్నయ్య కూతురు ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. సవరించిన గురుత్వాకర్షణ సిద్ధాంతాలు, వాటిలో తొలి క్షణాల విశ్వం ఎలా ఉబ్బింది అన్నది తన విషయం. భోగి రాత్రి భోజనాలయ్యాక ఇక్కడే, ఈ పిట్టగోడ దగ్గరే కూర్చుని అడిగింది: "బాబాయ్, నేను పనిచేస్తున్న సిద్ధాంతం రేపు తప్పని తేలితే నా ఐదేళ్ళూ ఏమైపోతాయి?"

"ఏమీ కావు తల్లీ" అన్నాను నేను, ఎవరైనా అనే మాటే. "ఊరడించమని అడగలేదు బాబాయ్, జవాబు చెప్పమని అడిగాను" అంది. నిజమే కదా. అందుకే ఈ ఎపిసోడ్. ఇది లెక్కల పాఠం కాదు, చరిత్ర. భౌతికశాస్త్రంలో ఒక ఆలోచన ఎన్నిసార్లు ఓడిపోయిందో, ఓడిన ప్రతిసారీ ఏం మిగిల్చి పోయిందో చెప్పే చరిత్ర.

ముందు రెండు మాటలు అర్థం చేసుకుందాం. మొదటిది స్కేలార్ ఫీల్డ్. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో అదిశ రాశి అని చదివాం, గుర్తుందా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజు అందరం ఫోన్లలో వాతావరణ పటాలు చూస్తూ కూర్చున్నాం. ఆ పటంలో రెండు రకాల సమాచారం ఉంటుంది. పొన్నూరులో గాలి పీడనం ఎంత, రేపల్లెలో ఎంత, చీరాలలో ఎంత అంటే ఒక్కో చోటికి ఒక్కో అంకె. అంతే, దానికి దిక్కు లేదు. గాలి మాటకొస్తే అంకె చాలదు, ఎటు వీస్తోందో కూడా చెప్పాలి, అందుకే అక్కడ బాణాలు గీస్తారు. ప్రతి చోటా ఒక అంకె మాత్రమే ఉంటే అది స్కేలార్ ఫీల్డ్. ఇంతకన్నా సరళమైన ఫీల్డ్ ఉండదు.

రెండోది ఇన్‌ఫ్లేషన్. ఉల్లిపాయల ధర సంగతి కాదండోయ్. విశ్వం పుట్టిన తొలి సెకనులో, ఆ సెకనులో కూడా మన ఊహకందనంత చిన్న భాగంలో, దూరాలన్నీ కనీసం 1 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని రెట్లు సాగిపోయాయని చెప్పే సిద్ధాంతం. అలా సాగదీసింది ఎవరు అంటే, ఒక స్కేలార్ ఫీల్డ్ అని ఎక్కువమంది సమాధానం. కాదు, తొలి క్షణాల్లో గురుత్వాకర్షణ సూత్రమే వేరుగా ఉంది అని కొందరి సమాధానం. ఈ రెండు సమాధానాలూ చివరికి ఎక్కడ కలుస్తాయో చూద్దాం.

కథ 1913 దగ్గర మొదలుపెడతాను. అప్పటికి ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ఇంకా పూర్తి చేయలేదు. ఫిన్లాండ్‌కి చెందిన గున్నార్ నార్డ్‌స్ట్రోమ్ అనే ఆయన ఒక పోటీ సిద్ధాంతం తెచ్చారు. గురుత్వాకర్షణ అంటే ఒక స్కేలార్ ఫీల్డే, ఒక్క అంకె చాలు అన్నారు. చక్కటి సిద్ధాంతం, ఎక్కడా తనతో తాను పోట్లాడుకోదు. 1914లో ఐన్‌స్టీన్ కూడా ఫాకర్ అనే సహచరుడితో కలిసి దాని మీద పత్రం రాశారు. కానీ ఆ సిద్ధాంతం ప్రకారం సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి వంగకూడదు. ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సిద్ధాంతం ప్రకారం వంగాలి, ఎంత వంగాలో లెక్క కూడా ఉంది. 1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఎడింగ్టన్ బృందాలు కొలిచాయి. కాంతి వంగింది. స్కేలార్ ఓడిపోయింది. ఇది మొదటి ఓటమి.

ఓడింది కానీ పోలేదు. 1937లో డిరాక్ ఒక చిత్రమైన విషయం పట్టుకున్నారు. ఒక ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ మధ్య ఉండే విద్యుదాకర్షణ, వాటి మధ్యే ఉన్న గురుత్వాకర్షణ కన్నా దాదాపు 1 పక్కన 39 సున్నాలన్ని రెట్లు పెద్దది. విశ్వం వయసును అణువుల గడియారంతో కొలిస్తే వచ్చే సంఖ్య కూడా దరిదాపుల్లో అంతే ఉంటుంది. ఇది కాకతాళీయం కాదేమో, విశ్వం వయసు పెరుగుతున్నకొద్దీ గురుత్వాకర్షణ బలహీనపడుతోందేమో అన్నారు. న్యూటన్ కాలం నుంచి స్థిరాంకం అనుకున్న 'జి' నిజంగా స్థిరమేనా? జర్మనీలో పాస్కల్ యోర్డాన్ ఈ అనుమానాన్ని సమీకరణాల్లోకి ఎక్కించారు. స్థిరాంకం ఉన్న చోట ఒక స్కేలార్ ఫీల్డ్‌ని కూర్చోబెట్టారు.

ఇప్పుడు మన కథానాయకుడు వస్తాడు. రాబర్ట్ డికీ, ప్రిన్స్‌టన్. చేతిపని తెలిసిన ప్రయోగకర్త, ఊహలో సిద్ధాంతకర్త. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. 1961లో ఆయనా, ఆయన విద్యార్థి కార్ల్ బ్రాన్స్ కలిసి ఫిజికల్ రివ్యూలో ఒక పత్రం ప్రచురించారు. దాని సారం ఇది: ఐన్‌స్టీన్ జ్యామితి అలాగే ఉంచండి, దాని పక్కన ఒక స్కేలార్ ఫీల్డ్ పెట్టండి. విశ్వంలో ఉన్న పదార్థమంతా కలిసి ఆ ఫీల్డ్ విలువ నిర్ణయిస్తుంది, ఆ విలువే గురుత్వాకర్షణ ఎంత బలంగా ఉండాలో నిర్ణయిస్తుంది. అంటే ఇక్కడ ఈ మేడ మీంచి నేనొక రాయి వదిలితే అది ఎంత వేగంగా పడుతుందన్నదాంట్లో ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీలకు కూడా వాటా ఉంది.

ఇందులో ఒమేగా అనే ఒక సంఖ్య ఉంది. ఒమేగా చిన్నదైతే స్కేలార్ ప్రభావం ఎక్కువ. ఒమేగా పెద్దదయ్యేకొద్దీ సిద్ధాంతం ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో కలిసిపోతుంది. డికీ మనసులో ఉన్న విలువ సుమారు 5, 6. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన తన సిద్ధాంతాన్ని చంపగలిగే ఆయుధం ఏమిటో తానే చెప్పి, ఆ ఆయుధాన్ని తానే తయారుచేయడం మొదలుపెట్టారు.

ఎలాగంటే, బుధగ్రహం కక్ష్య శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు అదనంగా తిరుగుతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం సరిగ్గా అంతే ఇస్తుంది. డికీ సిద్ధాంతం కొంచెం తక్కువ ఇస్తుంది. అయితే సూర్యుడు పూర్తి గుండ్రంగా కాకుండా నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటే ఆ తేడా భర్తీ అవుతుంది. అందుకని డికీ, గోల్డెన్‌బర్గ్ కలిసి పరికరం కట్టి సూర్యుడి ఆకారం కొలిచి, 1967లో ఉబ్బు ఉందని ప్రకటించారు. కొన్నేళ్ళపాటు ఐన్‌స్టీన్‌కి నిజమైన ప్రత్యర్థి దొరికాడు. తర్వాత వేరేవాళ్ళు కొలిస్తే అంత ఉబ్బు కనబడలేదు.

సరిగ్గా ఆ పోటీ వేడిగా ఉన్న కాలంలోనే మన తెలుగువాళ్ళు ఈ కథలోకి వస్తారు. వాల్తేరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరు కొండ మీదకు చేరిన విశ్వవిద్యాలయం అది. అక్కడి అనువర్తిత గణిత శాఖలో చాలాకాలం పనిచేసిన డి.ఆర్.కె. రెడ్డిగారు 1973లో జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఒక చిన్న పత్రం ప్రచురించారు. విషయం: బిర్కాఫ్ సిద్ధాంతం, స్కేలార్ టెన్సర్ సిద్ధాంతాలు.

అదేమిటో చెప్తాను. ఒక గుండ్రటి నక్షత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉందనుకోండి. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో బయట ఉన్నవాడికి ఆ సంగతి గురుత్వాకర్షణ ద్వారా తెలియనే తెలియదు, బయట అంతా నిశ్చలంగానే ఉంటుంది. 1923లో బిర్కాఫ్ చూపించింది అదే. మరి డికీ చెప్పినట్టు పక్కన ఒక స్కేలార్ కూడా ఉంటే? స్కేలార్ ఫీల్డ్ కాలంతో మారకుండా ఉంటే బిర్కాఫ్ మాట ఇక్కడా నిలుస్తుందని రెడ్డిగారి పత్రం చూపింది. మారుతూ ఉంటే ఆ భరోసా లేదు. రెండు సిద్ధాంతాలకూ తేడా సరిగ్గా ఎక్కడ పడుతుందో గీత గీసి చూపించే పని అది. విదేశీ పత్రికలు ఓడల మీద నెలల తరబడి ఆలస్యంగా వచ్చే రోజులు. సముద్రం పక్కన కూర్చుని ఆ కాలపు అసలు ప్రశ్న మీదే పనిచేశారు.

ఆ పని అక్కడితో ఆగలేదు. సాయెజ్, బాలెస్టర్ అనే ఇద్దరు 1986లో ఇంకో స్కేలార్ సిద్ధాంతం తెచ్చారు. రెడ్డిగారు, అదే శాఖకు చెందిన వి.యు.ఎం. రావుగారు, వాళ్ళ విద్యార్థులు, ఆ విద్యార్థుల విద్యార్థులు కలిసి ఈ సిద్ధాంతాల్లో బియాంకీ నమూనాలు అనేవాటిని వరసగా సాధించారు. బియాంకీ అంటే ఇటలీ గణితవేత్త. విశ్వం అన్ని దిక్కులా ఒకేలా కాకుండా, తూర్పుకొక వేగం, ఉత్తరానికొక వేగంతో సాగుతుంటే ఎలా ఉంటుందో లెక్కగట్టడానికి ఆయన వర్గీకరణ వాడతారు. 2011లో హార్కో బృందం ఎఫ్ ఆఫ్ ఆర్ కామా టి అనే సవరించిన గురుత్వాకర్షణ తేగానే, 2012లోనే రెడ్డిగారి బృందం అందులోనూ బియాంకీ నమూనా సాధించింది. ఉత్తరాంధ్రలో ఎన్నో కాలేజీల లెక్కల మాస్టార్ల పీహెచ్‌డీలు ఈ దారిలో వచ్చినవే. మా అమ్మాయి పని కూడా ఈ దారికి దగ్గరిదే. అందుకే తన ప్రశ్న నాకు అంత గట్టిగా తగిలింది.

ఎందుకంటే ఆ మధ్యలో డికీ సిద్ధాంతానికి ఏమైందో చూడండి. 1976లో వైకింగ్ నౌకలు కుజుడి మీద దిగాయి. సూర్యుడి పక్కగా వాటికి రేడియో సంకేతాలు పంపి, తిరిగి రావడానికి పట్టిన ఆలస్యం కొలిచారు. 1979లో వచ్చిన ఫలితం ప్రకారం ఒమేగా కనీసం 500 ఉండాలి. డికీ అనుకున్నది 5, 6 కదా. తర్వాత శనిగ్రహానికి వెళ్తున్న కసీని నౌకతో 2002లో అదే కొలత ఇంకా నిశితంగా చేశారు. 2003లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఒమేగా 40,000 దాటాలి. అంత పెద్దదైతే ఆ స్కేలార్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇది రెండో ఓటమి, అదీ చిత్తుగా.

ఇక్కడితో ఆపేస్తే మా అమ్మాయి భయమే నిజం. కానీ కథలో ఒక మలుపు ఉంది.

1978 నవంబరులో డికీ కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఒక ఉపన్యాసం ఇచ్చారు. తన సిద్ధాంతం గురించి కాదు, మహావిస్ఫోటం గురించి. ఆయన చెప్పిన చిక్కు ఇది. విశ్వం వయసు ఒక్క సెకను ఉన్నప్పుడు, దాని విస్తరణ వేగం ఉండాల్సిన దానికన్నా 14వ దశాంశ స్థానంలో కాస్త ఎక్కువైనా అంతా చెల్లాచెదురై గెలాక్సీలు ఏర్పడేవి కావు. కాస్త తక్కువైనా ఎప్పుడో కుప్పకూలేది. ఇంత కచ్చితంగా ఎవరు సరిచేశారు? జ్యామితి భాషలో చెప్తే, విశ్వం ఇంత చదునుగా ఎందుకుంది?

ఆ సభలో అలన్ గుత్ అనే యువకుడు కూర్చున్నాడు. కణ భౌతికశాస్త్రం ఆయనది, విశ్వం సంగతి అంతగా పట్టించుకున్నవాడు కాదు. ఆ ప్రశ్న మనసులో ఒక మూల పడింది. ఏడాది తర్వాత, 1979 డిసెంబరు 6 రాత్రి, కాలిఫోర్నియాలో వేరే సమస్య మీద లెక్క చేస్తున్నాడు. ఒక స్కేలార్ ఫీల్డ్ తాత్కాలికంగా ఒక తప్పుడు స్థితిలో ఇరుక్కుపోతే, విశ్వం విపరీతంగా సాగిపోతుందని ఆ లెక్కలో బయటపడింది. అంత సాగితే ఏ వంపైనా చదునుగానే కనిపిస్తుంది! ఇప్పుడు ఈ మేడ మీంచి చూడండి. కనుచూపు మేర వరిచేలు బల్లపరుపుగా ఉన్నాయి. భూమి గుండ్రం కాదా? గుండ్రమే, కానీ మనం చూస్తున్న ముక్కకన్నా భూమి చాలా పెద్దది, అందుకని వంపు కనపడదు. డికీ ప్రశ్నకి జవాబు అదే. గుత్ తన నోటుపుస్తకంలో ఆ మాట రాసి చుట్టూ రెండు గీతల పెట్టె గీసుకున్నాడు. 1981 జనవరిలో పత్రం వచ్చింది.

గమనించారా? సౌరకుటుంబంలో తన స్కేలార్ ఓడిపోతున్న రోజుల్లోనే, అదే డికీ అడిగిన ప్రశ్న వల్ల వేరే స్కేలార్ ఒకటి విశ్వం మొదటి క్షణంలోకి వచ్చి కూర్చుంది.

మన దేశానికీ దీంట్లో ఒక ముందుమాట ఉంది. 1960లలో ఫ్రెడ్ హోయిల్, మన జయంత్ నార్లికర్ కలిసి సి-ఫీల్డ్ అని ఒక స్కేలార్‌ని ప్రతిపాదించారు. రుణశక్తి ఉన్న ఫీల్డ్, కొత్త పదార్థాన్ని పుట్టిస్తూ విశ్వాన్ని ఒకే తీరున రెట్టింపులు చేస్తూ సాగదీస్తుంది. 1965లో విశ్వ నేపథ్య వికిరణం బయటపడటంతో వాళ్ళ స్థిరస్థితి విశ్వం వెనకబడిపోయింది. కానీ ఒక స్కేలార్ ఫీల్డ్ విశ్వాన్ని రెట్టింపుల లెక్కన సాగదీయగలదు అన్న గణితం మాత్రం ఇన్‌ఫ్లేషన్‌లో మళ్ళీ కనిపిస్తుంది.

సరే, గుత్ కథ సాఫీగా సాగిందా అంటే, లేదు. ఆయన నమూనాలో ఇన్‌ఫ్లేషన్ ఆగడం ఎలాగో తేలలేదు. ఎసరు మరిగేటప్పుడు బుడగలు వస్తాయి చూడండి, అలా అక్కడక్కడా బుడగలు పుట్టి, పెరిగి, కలిసిపోవాలి. కానీ మధ్యలో ఉన్న జాగా ఇంకా వేగంగా సాగిపోతుంటే బుడగలు ఒకదాన్నొకటి అందుకోలేవు. ఈ లోపం ఆయనే తన పత్రంలో రాశారు, దాచలేదు. దాచలేదు కాబట్టే 1982లో రష్యాలో లిండే, అమెరికాలో ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ దాన్ని సరిదిద్దారు. ఫీల్డ్ ఒక్కసారిగా దూకకుండా, నెమ్మదిగా జారాలి అన్నారు. మా కృష్ణా డెల్టా కాలవల్లో నీళ్ళు చూడండి, వాలు ఉందా లేదా అన్నట్టు నింపాదిగా కదులుతాయి. సముద్రం దాకా చేరడానికి కావలసినంత కాలం పడుతుంది. అలా నెమ్మదిగా జారినంతసేపూ విశ్వం ఉబ్బుతుంది. చివర లోతులో పడగానే ఆగుతుంది, ఆ శక్తి వేడిగా, పదార్థంగా మారుతుంది.

ఇక మాస్కోకి వెళ్దాం. గుత్ పత్రానికి ముందే, 1980లో, లాండౌ సంస్థలో అలెక్సీ స్టారొబిన్‌స్కీ ఒక పత్రం రాశారు. ఆయన ఉద్దేశం వేరు, విశ్వం మొదట్లో వచ్చే అనంతాన్ని తప్పించడం. ఆయన ఏ కొత్త ఫీల్డూ పెట్టలేదు. క్వాంటమ్ ప్రభావాల వల్ల ఐన్‌స్టీన్ సూత్రమే తొలి క్షణాల్లో మారుతుందన్నారు. స్థలకాలపు వంపుని సూచించే 'ఆర్' పక్కన 'ఆర్ స్క్వేర్' కూడా చేరుతుంది. వంపు తక్కువ ఉన్నచోట, అంటే మన కాలంలో, దాని ప్రభావం సున్నా. వంపు విపరీతంగా ఉన్న తొలి క్షణంలో అదే రాజ్యమేలుతుంది, విశ్వాన్ని ఉబ్బిస్తుంది. 1981లో ముఖనోవ్, చిబిసోవ్ ఈ నమూనాలోనే క్వాంటమ్ అలజడుల్ని లెక్కగట్టి, అవే తర్వాత గెలాక్సీలకు విత్తనాలు కాగలవని చూపించారు.

ఇప్పుడు మొదట్లో అన్న రెండు సమాధానాలూ కలిసే చోటుకి వచ్చాం. ఆర్ స్క్వేర్ గురుత్వాకర్షణని వేరే కొలబద్దలతో తిరిగి రాస్తే, అది ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ, దాంతోపాటు ఒక స్కేలార్ ఫీల్డ్ అవుతుంది. రెండూ ఒకటే, రాతలో తేడా. ఆ స్కేలార్ జారే వాలు ఎలా ఉంటుందంటే, మా డెల్టాలాగే చాలా దూరం చదును, చివర ఒక గుంట. గురుత్వాకర్షణ సూత్రం మార్చినవాళ్ళూ, ఫీల్డ్ చేర్చినవాళ్ళూ ఒకే ఊరికి రెండు దారుల్లో వచ్చారన్నమాట. ఈ కొలబద్దలు మార్చే పద్ధతి ఎక్కడిదనుకున్నారు? 1962లో డికీ తన సిద్ధాంతాన్ని ఇంకో రూపంలో రాసి చూపించింది ఇలాగే. ఓడిపోయిన సిద్ధాంతం పనిముట్టు ఇక్కడ చేతికి అందొచ్చింది.

ఇంకో ఓటమి కూడా చెప్పాలి, లేకపోతే నేను నాకు నచ్చినవే ఏరి చెప్పినట్టవుతుంది. 1989లో లా, స్టైన్‌హార్ట్ కలిసి సాక్షాత్తూ బ్రాన్స్-డికీ సిద్ధాంతాన్నే ఇన్‌ఫ్లేషన్‌లోకి తెచ్చారు. గుత్ బుడగల సమస్య దాంతో తీరిపోతుంది, ఎందుకంటే జి మారుతుంటే విస్తరణ కాస్త నెమ్మదిస్తుంది, బుడగలు అందుకుంటాయి. ఎంత అందంగా ఉందో చూడండి. కానీ లెక్క చూస్తే, బుడగల మచ్చలు ఆకాశంలో కనపడకూడదంటే ఒమేగా సుమారు 25 కన్నా తక్కువ ఉండాలి. కుజుడి మీది వైకింగ్ ఏం చెప్పింది? 500 పైన! అదే ఏడాదిలో ఆ తొలి రూపం దెబ్బతింది. కుజుడి మీద దిగిన నౌక, విశ్వం మొదటి క్షణానికి సంబంధించిన సిద్ధాంతాన్ని కూల్చింది. నాకు ఈ విషయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మరి కొలతలు ఎవరి వైపు ఉన్నాయి? 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ ప్రకటన వచ్చింది. ప్రకృతిలో ప్రాథమిక స్కేలార్ అనేది ఒకటి నిజంగా ఉందని మొదటిసారి తెలిసిన రోజు అది. అంతకుముందు ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతమంతా, చూడని జాతి ఫీల్డ్ మీద కట్టిన ఇల్లు. తర్వాత ప్లాంక్ ఉపగ్రహం ఆకాశపు అతి ప్రాచీన కాంతిలోని అలజడుల్ని కొలిచింది. చిన్న అలజడులకీ పెద్దవాటికీ ఉన్న తేడా చెప్పే ఒక సంఖ్య 2018 ఫలితంలో 0.965 దగ్గర వచ్చింది. స్టారొబిన్‌స్కీ నమూనా చెప్పేది 0.960 నుంచి 0.967. పదులకొద్దీ నమూనాలు రాలిపోయినా, 1980 నాటి ఆ పాత పత్రం నిలబడింది.

స్టారొబిన్‌స్కీ 2023 డిసెంబరు 21న కన్నుమూశారు. ఆ తర్వాత 2025లో చిలీలోని అటకామా టెలిస్కోపు కొలతల్ని ప్లాంక్‌తోనూ, గెలాక్సీల సర్వేలతోనూ కలిపితే ఆ సంఖ్య 0.974 దగ్గరకు జరిగింది. అది నిలబడితే ఆ నమూనాకీ కష్టమే. ఇంకో పరీక్ష కూడా మిగిలే ఉంది. ఇన్‌ఫ్లేషన్ పుట్టించిన గురుత్వ తరంగాల బలం చెప్పే సంఖ్య 0.036 కన్నా తక్కువని 2021లో దక్షిణ ధ్రువంలోని బైసెప్ బృందం చెప్పింది. స్టారొబిన్‌స్కీ నమూనా ప్రకారం అది 0.003 నుంచి 0.005 మధ్య ఉండాలి. అంత సన్నగా కొలవడానికి ఇప్పుడు పరికరాలు తయారవుతున్నాయి.

ఆ బైసెప్ బృందమే 2014 మార్చి 17న తరంగాలు కనపడ్డాయని ప్రకటించింది. ప్రపంచమంతా పండగ చేసుకుంది. తీరా చూస్తే అందులో చాలాభాగం మన పాలపుంతలో ఉన్న ధూళి. 2015 మొదట్లో, ప్లాంక్ వాళ్ళతో కలిసి వాళ్ళే ఆ మాట ఒప్పుకున్నారు.

దీనికి మా మండలంలోనే ఒక కథ ఉంది. మా పక్కనే చందోలు, వెలనాటి చోళుల రాజధాని. అక్కడ లింగోద్భవస్వామి గుడి ఉంది. ఆ కథ మీకు తెలిసిందే. మొదలూ చివరా తెలియని వెలుగు స్తంభం. విష్ణువు కిందికి వెళ్ళాడు, బ్రహ్మ పైకి వెళ్ళాడు. విష్ణువు తిరిగొచ్చి నాకు అడుగు కనపడలేదు అన్నాడు. బ్రహ్మ మొగలిపువ్వుని సాక్ష్యం తెచ్చి, చివర చూశానన్నాడు. ఇన్‌ఫ్లేషన్ మన పురాణాల్లో ఎప్పుడో ఉందని నేను చెప్పను, దయచేసి మీరూ అలా అనొద్దు. కథ కథే, కొలత కొలతే. కానీ ఆ కథలో శాపం ఎవరికి తగిలిందో చూడండి. అడుగు కనుక్కోలేనివాడికి కాదు, చూడనిది చూశానన్నవాడికీ, దొంగసాక్ష్యం చెప్పిన పువ్వుకీ తగిలింది.

ఇక మా అమ్మాయి ప్రశ్నకి జవాబు. నేను ఆ రాత్రి ఇలా చెప్పాను. "తప్పని తేలిన సిద్ధాంతాలన్నీ ఒకటి కాదమ్మా. డికీ సిద్ధాంతం తప్పయింది, కానీ అది ఒక అంకె చెప్పింది, నన్ను ఇక్కడ కొట్టండి అని చోటు చూపించింది. దాన్ని కొట్టడానికే కుజుడి దాకా, శని దాకా కొలతలు వెళ్ళాయి. ఐన్‌స్టీన్ ఎంత సరైనవాడో ఇవాళ లక్షలో రెండు వంతుల దాకా తెలుసంటే, ప్రత్యర్థి ఉండబట్టే. రెడ్డిగారి 1973 పత్రం కూడా అలాంటిదే, రెండు సిద్ధాంతాల మధ్య గట్టు ఎక్కడుందో చెప్పింది. అలాంటి పని సిద్ధాంతం పోయినా పోదు. కానీ ఏ కొలతకీ దొరకకుండా, ఒక సమీకరణం నుంచి ఇంకో సమీకరణానికి వెళ్ళి ఆగిపోయిన పని మాత్రం తప్పని కూడా తేలదు. భయపడాల్సింది దానికి."

తను కాసేపు మాట్లాడలేదు. "బియాంకీ నమూనాలు అలాంటివేనంటావా?" అంది. "కానక్కర్లేదు" అన్నాను. 1983లో రాబర్ట్ వాల్డ్ చూపించింది ఏమిటి? దిక్కుకొక వేగంతో మొదలైన విశ్వం కూడా, విశ్వ స్థిరాంకం ఉంటే, ఒక్క రకం మినహాయింపుతో చివరికి అన్ని దిక్కులా సమానమైపోతుంది. అంటే ఇన్‌ఫ్లేషన్ మొదటి వంకరల్ని చెరిపేస్తుందా, ఎంత మిగులుస్తుంది అన్నది బియాంకీ నమూనాల్లోనే అడగాల్సిన ప్రశ్న. మిగిలిన వంకర ఎంతో లెక్కగడితే ప్లాంక్ పటంలో వెతకొచ్చు. అక్కడ పని ఉంది.

తను ఫోన్ తీసి తన రెండో పత్రం తెరిచింది. చివరి పేజీదాకా జరిపి, "ఇందులో అంకె లేదు బాబాయ్" అంది. నేనేమీ అనలేదు. మర్నాడు సంక్రాంతి. ఇంట్లో అందరూ పిండివంటల హడావిడిలో ఉంటే తను ఇదే మేడ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. మా వదినగారు రెండుసార్లు పిలిచారు. మూడోసారి నన్నే అరిసెల పళ్ళెం ఇచ్చి పంపారు. తెర మీద ఏముందో నేను తొంగి చూడలేదు. పళ్ళెం పక్కన పెట్టి దిగి వచ్చేశాను.

ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండి. ఈ దారిలో పరిశోధన చేస్తున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, "ఇది దేనికి పనికొస్తుంది" అని అడగకండి. "ఇది తప్పని ఎలా తెలుస్తుంది" అని అడగండి. ఆ ప్రశ్నకి వాళ్ళు కోప్పడరు.